పంటితో పట్టిన వల

పెంచల్‌కి గాలంటే భయం లేదు, నీళ్లంటే భయం లేదు, కూతురి నోరంటే మాత్రం భయం. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న వాళ్ల జాలర్ల కుప్పంలో, తుపాను వస్తోందని మైకులో అరుస్తున్నా పడవ తోసుకుపోయి, వెతకడానికి వెళ్లినవాళ్లకంటే ముందే ఒడ్డుకు చేరి, టీ తాగుతూ కనబడ్డ మనిషి అతను. అలాంటివాడు, పన్నెండేళ్ల పిల్ల నోరు తెరిచి "చూడు నాయనా" అంటే, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి అవతలికి పోయేవాడు.

వినీల పళ్లకు సూళ్లూరుపేటలో క్లిప్పులు వేయించింది ఆ పిల్ల తల్లి స్వర్ణ. అంతకుముందు ఆ పై వరస పళ్లు పండగనాటి బస్సులో జనంలాగా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. కోరపన్నుకు చోటు దొరక్క చిగురు మీదికి ఎక్కి కూర్చుంది. అన్నం తింటుంటే బుగ్గ లోపల తెగేది, పుండయ్యేది, పిల్ల ఒకవైపే నమిలేది. ఇంట్లో ఒక మాట ఖాయం చేయాలంటే స్వర్ణకు ఎవరినీ అడిగే అలవాటు లేదు. బడికి సెలవు పెట్టించి, మొగుణ్ణి కూడా బస్సెక్కించి, నరేంద్రబాబు అనే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

భయం ఆ రోజే మొదలైంది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూపించి, పై వరసలో ఎడమవైపు ముందు పన్నుకు వేరు పొట్టిగా ఉందన్నాడు. పుట్టుకతోనే అంతేనట. క్లిప్పులు వేసి మెల్లగా జరపవచ్చు, కానీ ఆ పన్నుకు దెబ్బ తగలకూడదు, దేనితోనూ గట్టిగా గుంజకూడదు, అది పోయిందంటే మళ్లీ మొలిచే పన్ను కాదు అని నెమ్మదిగా, నవ్వుతూనే చెప్పాడు. పెంచల్ ఆ నవ్వును చూడలేదు. ఫిల్ములో తెల్లగా కనిపించిన ఆ పొట్టి వేరునే చూశాడు. బురదలో పొట్టి గుంజ పాతి దానికి వల కడితే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ తెల్లటి ముక్క కళ్ల ముందునుంచి పోలేదు. పిల్ల తుమ్మినా ఉలిక్కిపడేవాడు.

కొరకకూడనివన్నీ డాక్టరు స్వర్ణకు వివరంగా చెప్పాడు. చెరుకు వద్దు, మురుకులు వద్దు, వేరుశనగ ఉండలు వద్దు, మామిడి టెంక చీకొద్దు, పెన్ను కొరకొద్దు. వీటికి ఎండుచేప తలను స్వర్ణ తనంతట తానే చేర్చింది. ఆపైన ఆమె కాపలా ఎట్లా ఉండేదంటే, పక్కింటి పిల్లలు కూడా ఆమె ఎదురుగా మురుకులు తినడం మానేశారు. డాక్టరు చెప్పినదాంట్లో వల మాట లేదు. ఆయన కుర్చీలో కూర్చుని ఆలోచించినా ఆ మాట ఆయనకు తట్టేది కాదు. తట్టాల్సింది పెంచల్‌కి.

విసురు వల విసిరేవాడికి రెండు చేతులు చాలవు. వల కొసన కట్టిన తాడు ఒక మణికట్టుకు ఉంటుంది. వల మడతలు కొన్ని ఒక చేతిలో, కొన్ని మరో చేతిలో. సీసం గుండ్లు వేలాడే అంచులో ఒక జానెడు పళ్ల మధ్య పట్టుకోవాలి. నడుము తిప్పి విసిరే క్షణంలో నోరు వదిలిపెడితే వల గొడుగులా విచ్చుకుని పడుతుంది. ఒక్క రెప్పపాటు ముందో వెనకో వదిలితే ముద్దగా పడుతుంది, చేపలు నవ్వుకుంటాయి. ఆ కుప్పంలో మగవాళ్లందరూ ఇట్లాగే విసురుతారు. దారం తెంపేది పంటితోనే, ముడి బిగించేది పంటితోనే, రెండు చేతుల్లో పనుంటే తాడు కొస పట్టుకునేది పంటితోనే. అవన్నీ చేతిపనులకిందే లెక్క. వాటిని కొరకడమని అక్కడ ఎవరూ అనరు.

ఆడపిల్లలకు ఆ వల ఎవరూ నేర్పరు. వినీలకు నేర్పింది పెంచల్ తండ్రి చిన్నపోలయ్య. మోకాళ్లు పట్టేసి పడవెక్కడం మానేశాక ఆయనకు పొద్దు పోక, మనవరాలిని ఒడ్డున మోకాటి లోతులో నిలబెట్టి వల చేతికిచ్చాడు. ఆడపిల్లకు వలేందని నలుగురూ అన్నారు. ఆ పిల్ల విసిరింది చూశాక అనడం మానేశారు. క్లిప్పులు వేసినప్పటినుంచి మాత్రం వల ముట్టలేదు. ఎవరూ వద్దనలేదు, ఆ పిల్లకే నోరంతా నొప్పిగా ఉండేది. ఇప్పుడు నొప్పి తగ్గింది.

ఆ రోజు రెండో శనివారం. స్వర్ణ రొయ్యల గంప తీసుకుని సూళ్లూరుపేట వెళ్లింది. పెంచల్ పడవ తోస్తుంటే పిల్ల వెనకే వచ్చి, ఒక్కసారి విసురుతానని బతిమాలింది. అతను వద్దన్నాడు. పిల్ల మూతి ముడుచుకుని నీళ్లలో నిలబడింది. అన్నీ మాన్పించేశారు, ఇది కూడా మాన్పిస్తారా అని అడిగింది. పెంచల్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు పాపం. చెరుకూ, మురుకులూ, టెంకా, పెన్నూ అన్నీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాడు.

"కొరకొద్దన్నాడు గానీ పట్టుకోవద్దన్లేదు గదా నాయనా. ఊరికే పెదాలతో పడతాలే" అంది వినీల.

"ఆ పక్క పళ్లతో పట్టబాక. కుడేపు పట్టు" అన్నాడు పెంచల్.

అంత జాగ్రత్త చెప్పినందుకు తనను తాను మెచ్చుకున్నాడు కూడా. తర్వాత ఎన్నోసార్లు ఆ మాటే తలుచుకుని తల బాదుకున్నాడు.

ఒడ్డుకు దగ్గరలోనే పడవలు తిరిగే కాలవ ఉంది. చుట్టూ నడుము లోతే అయినా కాలవలో మనిషి మునుగుతాడు. ఆ అంచున ఎవరో ఎప్పుడో వల కట్టడానికి పాతి వదిలేసిన గుంజలు నీళ్లలో ఉన్నాయి. పెంచల్ పడవను అక్కడ ఆపి, పడవ తోసే గెడ బురదలోకి దించి పట్టుకున్నాడు. మొదటిసారి వల బ్రహ్మాండంగా పడింది. నాలుగు పిత్తపరిగెలు వచ్చినా, పిల్ల మొహం మాత్రం గంపెడు పడ్డట్టు వెలిగిపోయింది. ఆ మొహం చూసి అతనికి భయం కాస్త వదిలింది. రెండోసారి విసరమని తనే అన్నాడు.

రెండోసారి వల విచ్చుకుంది, కానీ పిల్ల నోరు దాన్ని వదల్లేదు. వదిలే ఉంటుంది, వలే వదల్లేదు. క్లిప్పు మీద రబ్బరు తగిలించడానికి చిన్న కొక్కెం ఉంటుంది. వల కన్ను ఒకటి ఆ కొక్కేనికి తగులుకుంది. కుడివైపే పట్టింది పాపం, విసురులో తల తిరిగేసరికి అంచు జారి ఎడమవైపుకు వచ్చేసింది. సీసం గుండ్లు నీళ్లలో పడగానే వల మొత్తం బరువు ఆ ఒక్క కన్ను మీద పడింది. వినీల తల ముందుకు కొట్టుకుపోయింది. మోకాళ్ల మీద పడి, పడవ అంచుకు గుండె ఆనించి, నీళ్ల మీదికి వంగిపోయింది. నోట్లోంచి మాట రాలేదు. గొంతులోంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది, అంతే.

పెంచల్ గెడ వదిలేసి పడవలోనే పిల్ల దగ్గరికి దూకాడు. గెడ బురదలో అట్లాగే నిలబడిపోయింది, పడవ గాలికి కదిలింది. అతను పిల్ల గడ్డం కింద వలను ఎడమచేత్తో పిడికిలి పట్టి బరువు తనమీదికి తీసుకున్నాడు. కుడిచెయ్యి పిల్ల నడుము చుట్టూ వేశాడు. వల దారం వెంట రక్తం కారుతోంది. ఎంత కారుతోందో చూడలేకపోయాడు. పన్ను ఉందా, వచ్చేసిందా అన్న ఒక్క ఆలోచన తప్ప బుర్రలో ఇంకేం లేదు.

అప్పుడు వల బిగుసుకుంది. మొదట అతనికి అర్థం కాలేదు. మెల్లగా బిగుస్తోంది, ఆగకుండా బిగుస్తోంది. కింద గుంజకు వల చుట్టుకుంది, పైన గాలి పడవను అవతలికి తోస్తోంది. పట్టి ఆపడానికి గెడ లేదు. కత్తి పడవ వెనక చివర చెక్క కింద ఉంది. కత్తి కోసం వెళ్లాలంటే పిల్ల నడుము వదలాలి, వదిలితే కాలవలోకి పోతుంది. పిడికిలి వదిలితే పడవ మొత్తం బరువు ఆ పొట్టి వేరు మీద పడుతుంది. నైలాను దారం అతని వేళ్లలోకి కోసుకుపోతోంది, పిడికిలి జారుతోంది. పెంచల్ జీవితంలో మొదటిసారి నీళ్ల మీద భయపడ్డాడు.  

ఏం చేయాలో అతను ఆలోచించి చేయలేదు. రెండు చేతుల్లో పనున్నప్పుడు చిన్నప్పటినుంచి ఏం చేస్తున్నాడో అదే చేశాడు. వంగి, పిడికిలి కింద ముద్దగా ఉన్న వల దారాలన్నీ తన పళ్ల మధ్య బిగించి పట్టుకున్నాడు. పిడికిలి వదిలాడు. బరువంతా ఒక్కసారిగా అతని దవడ మీదికి వచ్చింది. కళ్లు బైర్లు కమ్మాయి. కానీ చెయ్యి ఖాళీ అయింది.

పిల్ల చెంప అతని చెంపకు ఆనుకుని ఉంది. ఇన్నాళ్లూ చూడలేక తప్పించుకున్న నోరు కంటికి అంత దగ్గరగా ఉంది. తీగ, క్లిప్పులు, రక్తం, నురగ. ఎక్కడ తగులుకుందో కనబడలేదు. పెదవి పైకెత్తి వేలు పెట్టి తడిమాడు. వేలు తగిలిందల్లా కదులుతున్నట్టే ఉంది. చిక్కుముళ్లు విప్పే గోరు అది, చీకట్లో కూడా దారం కొస పట్టుకునే గోరు, ఇప్పుడు దారి దొరక్క అక్కడక్కడే తిరిగింది. చివరికి కొక్కెం దొరికింది. వల కన్ను దాని వెనక్కి దిగబడి, తీగ కిందికి దూరి ఉంది. బయటికి గుంజితే రాదు, చిగురువైపు పైకి నెట్టి తియ్యాలి. నెట్టాలంటే దారం ఒక వేలెడు వదులు కావాలి.

పెంచల్ కళ్లు మూసుకుని, మెడ నరాలు తెగిపోతాయా అన్నట్టు తల వెనక్కి గుంజాడు. పడవ గాలికి ఎదురు తిరిగినట్టు ఒక్క క్షణం ఆగింది. తన నోట్లో ఏదో పటుక్కుమంది. గోరు వల కన్నును పైకి నెట్టింది, అది జారి వచ్చేసింది. అతను నోరు వదిలాడు. వల నీళ్లలోకి సర్రున పోయింది. పిల్ల మణికట్టుకున్న తాడును కూడా విప్పి వదిలేశాడు. చిన్నపోలయ్య చేతులారా అల్లిన వల గుంజ దగ్గరే ఉండిపోయింది.

వినీల వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది. చూపించమంటే తల అడ్డంగా ఊపింది. తాకబోతే వెనక్కి జరిగింది. తనను చూసి పిల్ల వెనక్కి జరగడం పెంచల్ ఎప్పుడూ ఎరగడు. చెక్క ఊడదీసి దాంతోనే తెడ్డు వేసి ఒడ్డుకు చేర్చాడు. ఒడ్డున చిన్నపోలయ్య వాళ్ల బట్టల మీద రక్తం చూసి కుంటుకుంటూ పోయి ఆటో పిలుచుకొచ్చాడు. ఆటోలో పెంచల్ స్వర్ణకు ఫోన్ చేశాడు. పళ్ల డాక్టరు దగ్గరికి రమ్మని మాత్రం చెప్పగలిగాడు. దారి పొడవునా పిల్ల ఆటో బయటికే చూసింది. ఆ మూసుకున్న నోట్లో పన్ను ఉందో, దారిలోనే మింగేసిందో, చెప్పడానికి భయపడుతోందో తెలియక అతను చచ్చి బతికాడు.

స్వర్ణ వాళ్లకంటే ముందే వచ్చి మెట్ల మీద నిలబడి ఉంది. కూతురి గౌను చూసింది, మొగుడి చేతి వేళ్లు చూసింది, నైలాను కోతలు గుర్తుపట్టింది.

"దానికి వల ఎవురిచ్చినారు?" అంది.

వినీల తల దించుకుంది.

"నేనే ఇచ్చినా" అన్నాడు పెంచల్, తువాలు నోటికి అడ్డం పెట్టుకుని.

స్వర్ణ పిల్లను భుజం పట్టుకుని తనకు అవతలి పక్కకు, అతనికి అందనంత దూరానికి మార్చుకుంది. తిట్టినా కొట్టినా ఓర్చుకునేవాడు. అది మాత్రం గుండెలో దిగబడింది.

లోపల వినీల కుర్చీలో కూర్చుంది గానీ నోరు తెరవలేదు. నరేంద్రబాబు మంచిగా చెప్పాడు. పన్ను కదిలిందో లేదో చూడాలన్నాడు. కదిలి ఉంటే ఇప్పుడే చోటుకు చేర్చి పక్క పళ్లకు కట్టాలని, ఆలస్యమయ్యేకొద్దీ నిలిచే అవకాశం తగ్గుతుందని చెప్పాడు. స్వర్ణ బుజ్జగించింది, తర్వాత గద్దించింది, చివరికి తనే ఏడ్చింది. పిల్ల రెండు చేతులూ నోటి మీదనుంచి తియ్యలేదు. డాక్టరు చేతిలోని చిన్న అద్దం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒళ్లంతా కొయ్యబారిపోయింది. బలవంతంగా తెరిస్తే పన్నుకే ప్రమాదమని డాక్టరు చేతులు వెనక్కి తీసుకున్నాడు. గడియారం వైపు ఒకసారి చూశాడు. ఆ చూపును పెంచల్ చూశాడు.

తలుపు దగ్గర నిలబడ్డ పెంచల్ తువాలు తీశాడు. అప్పటిదాకా అతన్నెవరూ పట్టించుకోలేదు. పై వరస ముందు పన్ను సగానికి విరిగి, మిగతా సగం వేలాడుతోంది. పెదవి వాచిపోయింది. స్వర్ణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వల బరువు చివరికి ఎవరి నోటి మీద పడిందో ఆమెకు ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందు తనకు చూడమని డాక్టర్ని అడిగాడు. పిల్లను దింపి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. పెంచల్ ఆ కుర్చీలో వెనక్కి వాలాడు. పుట్టి బుద్ధెరిగాక పళ్ల డాక్టరు చెయ్యి పడని నోరు అది. దీపం మొహం మీదికి వచ్చింది. విరిగినది నిలవదు, తీసేయాల్సిందేనని చెప్పి డాక్టరు సూది మందు ఎక్కించడం మొదలుపెట్టాడు. పెంచల్ ఒళ్లంతా చెమట పట్టింది. ధైర్యంగా ఉన్నట్టు కనబడాలని, పిల్లకు చూపించాలని అనుకునే ఆ కుర్చీ ఎక్కాడు. సూది కనబడగానే ఆ నటనంతా జారిపోయింది.

"పాపా, నాకు బో భయంగా ఉండాది. ఈడికి రా. నా చెయ్యి పట్టుకో" అన్నాడు.

వినీల అతన్నే చూసింది. తుపానులో పోయి వచ్చిన నాయన గొంతు అట్లా ఉండడం ఆ పిల్ల వినలేదు. స్వర్ణ అడ్డం నిలబడి ఉంది. పిల్ల తల్లిని దాటుకుని వచ్చి, నోటి మీదనుంచి ఒక చెయ్యి తీసి, దారం కోసిన అతని వేళ్లను పట్టుకుంది. డాక్టరు పట్టకారు పెట్టినప్పుడు ఆ వేళ్లు బిగుసుకున్నాయి, పిల్ల వేళ్లు కూడా బిగుసుకున్నాయి. అతను కేక పెట్టాడు, సిగ్గుపడకుండా పెట్టాడు. పన్ను పళ్లెంలో పడ్డ చప్పుడు అందరికీ వినబడింది.

అతను కుర్చీ దిగగానే వినీల ఎవరూ చెప్పకుండానే ఎక్కి కూర్చుంది. చెయ్యి మాత్రం వదల్లేదు. కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది.

డాక్టరు వేలు పెట్టి నెమ్మదిగా నొక్కాడు. పక్క పళ్లను కూడా ఒక్కొక్కటే నొక్కి చూశాడు. పెంచల్ నోరు మొద్దుబారిపోయింది, అడగాలన్నా మాట రాదు. స్వర్ణ అతని పక్కకు వచ్చి, అతని భుజం మీది చొక్కాను గుప్పిట్లో పట్టుకుంది. ఎక్స్‌రే మళ్లీ తీశారు. వేరు విరగలేదని, పన్ను కదిలింది గానీ చోటు వదల్లేదని, ఇప్పుడే సన్నతీగతో పక్క పళ్లకు కలిపి కడతానని డాక్టరు చెప్పాడు. జావలూ, మెత్తటి అన్నమూ తప్ప ఇంకేమీ పెట్టొద్దన్నాడు. నిలబడుతుందనే అనుకుంటున్నాను గానీ కొన్నాళ్లు పోతేగాని మాట ఇవ్వలేనన్నాడు. ఆ "కొన్నాళ్లు" ఎంతో అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

కట్టడం పూర్తయింది. దూది ఉండల మధ్యనుంచి, పడవలో వల విసిరినప్పటినుంచి మూగగా ఉన్న పిల్ల మొదటి మాట అంది.

"నాయనా, ఇంకా భయంగా ఉండాదా?"

మొద్దుబారిన పెదాలతో అబద్ధం చెప్పడం కూడా కష్టమే. అతను చెప్పదలచుకోలేదు కూడా.

"ఉండాది పాపా" అన్నాడు.

వినీల కుర్చీలో కొంచెం పక్కకు జరిగి, అతను కూర్చోవడానికి చోటిచ్చింది.